ఐబీఎస్‌కి ఫాడ్‌మ్యాప్ లిస్టా, అమ్మ పథ్యమా?

కందిపొడి_నెయ్యి
పరీక్షలన్నీ అయ్యాయి. రక్తం, సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ పడని పేగు జబ్బు), కొలనోస్కోపీ, దేంట్లోనూ ఏమీ లేదు. ఐబీఎస్ (పరీక్షల్లో ఏమీ కనపడకుండానే కడుపునొప్పి, ఉబ్బరం, విరేచనాలో మలబద్ధకమో వేధించే పేగు సమస్య) అని తేల్చి డాక్టరుగారు ఒక కాగితం చేతిలో పెట్టారు. ఉల్లి వద్దు, వెల్లుల్లి వద్దు, పప్పులు వద్దు, గోధుమ వద్దు, పాలు పెరుగు వద్దు, మామిడిపండు, పుచ్చకాయ వద్దు. దీన్ని లో ఫాడ్‌మ్యాప్ డైట్ అంటారట, అంటే చిన్నపేగులో సరిగ్గా అరగక పులిసే చక్కెరలు తక్కువగా ఉండే తిండి. అమ్మేమో "ఆ కాగితం అవతల పారెయ్యి, నాలుగు రోజులు చారన్నం, మజ్జిగన్నం తిను, కారం తగ్గించు" అంటోంది. అమ్మ చెప్పే మజ్జిగ కాగితంలో వద్దన్న వాటిలో ఉంది. అమ్మ చారులో కందికట్టు, చితక్కొట్టిన వెల్లుల్లి ఉంటాయి. ఎవరి మాట వినను?

పాత_చింతకాయ
అమ్మ మాటే విను నాయనా. ఆ లిస్టు పుట్టింది మెల్‌బోర్న్‌లో, మోనాష్ యూనివర్సిటీలో. పొద్దున రొట్టె, మధ్యాహ్నం రొట్టె, రాత్రి పాస్తా తినేవాళ్ళని చూసి రాసింది. మన కంచంలో ముప్పాతిక భాగం అన్నమే, దాని మీద ఆ లిస్టుకి కూడా అభ్యంతరం లేదు. బాలింతలకీ, జ్వరం తగ్గినవాళ్ళకీ మనం పెట్టే పథ్యం చూడు: రకాలు తక్కువ, మోతాదు తక్కువ, వేళకి తినడం. 2015లో స్వీడన్‌లో 75 మంది ఐబీఎస్ రోగుల్ని రెండు గుంపులు చేశారు. ఒకరికి ఫాడ్‌మ్యాప్ లిస్టు, ఇంకొకరికి మామూలు సలహా: కొంచెం కొంచెంగా వేళకి తినడం, కొవ్వు, కారం, కాఫీ తగ్గించడం. నాలుగు వారాల తర్వాత రెండు గుంపుల్లోనూ దాదాపు సగం మందికే నయంగా ఉంది. అంత కష్టపడి ఉల్లి మానినందుకు ఒరిగిందేమిటి మరి?

ప్రయోగశాల
చింతకాయగారూ, సగం మందికి రెండూ పనిచేయలేదని కూడా ఆ లెక్కే చెబుతోంది కదండీ. అన్నం విషయంలో మీతో పేచీ లేదు. పేచీ అంతా చారుతోనే.

వెల్లుల్లిలో ఉండే ఫ్రక్టాన్ అనే పిండిపదార్థాన్ని ఎవరి చిన్నపేగూ అరిగించుకోలేదు. అది నీటిని లాక్కుంటూ పెద్దపేగుకి చేరితే అక్కడి సూక్ష్మజీవులు పులియబెట్టి గ్యాస్ చేస్తాయి. అందరి కడుపులోనూ జరిగేదే, ఐబీఎస్ ఉన్నవాళ్ళ పేగు ఆ సాగుడుని నొప్పిగా పట్టుకుంటుంది, అంతే తేడా. ఫ్రక్టాన్ నీళ్ళలో కరుగుతుంది. అందుకే వెల్లుల్లి రెబ్బలు ఏరి పక్కన పెట్టినా అసలు సరుకు చారులోనే ఉంటుంది. కందికట్టూ అంతే. పప్పు లేదు కదా, ఉత్త కట్టే కదా అనుకుంటాం. కందిపప్పులో ఇబ్బంది పెట్టే చక్కెరలు ఉడికేటప్పుడు దిగేది ఆ నీళ్ళలోకే. పథ్యం అనుకుని రెండు గ్లాసుల చారు తాగి "అయ్యో, చారన్నం కూడా పడట్లేదు" అనేవాళ్ళని నేను చూశాను.

సర్వపిండి
అన్నా, మీరిద్దరు అసలు దాన్ని వదిలేసిన్రు. మిరపకాయ! లిస్టుల అది ఉండదు, ఎందుకంటే అది పులిసే రకం కాదు. కానీ మిరపల ఉండే క్యాప్సైసిన్ పేగుల నొప్పి నరాలనే తడుతది. నాకు ఉల్లిగడ్డ పడ్తది, ఎల్లిగడ్డ పడ్తది, ఎర్ర కారం తొక్కు ఏసుకున్న రోజు మాత్రం ఆఫీసుల కూసోలేను. ఇంకోటి, గోధుమ మానమంటే మావోళ్ళకు బాధనే లేదు, జొన్నరొట్టె ఉండనే ఉంది.

డాలస్_దోశ
నేను గ్లూటెన్ పూర్తిగా మానేశాక హాయిగా ఉన్నాను. పరీక్షలు కూడా చేయించుకోలేదు, కడుపే చెప్పింది. ఎవరైనా రక్త పరీక్ష కావాలంటే ఫుడ్ ఇంటాలరెన్స్ ప్యానెల్ అని ఉంది, ఒక్క శాంపిల్‌తో వందకు పైగా పదార్థాల రిపోర్టు ఇస్తారు. ఈ లిస్టుల గోలే ఉండదు.

వేపపూత_డైటీషియన్
డాలస్‌గారూ, ఆ ప్యానెళ్ళు కొలిచేది ఐజీజీ అనే ప్రతిరక్షకాలని. మీరు తరచూ తినేదానికి అవి ఎక్కువగా కనిపించడం మామూలే. అది పడట్లేదనడానికి రుజువు కాదు. ఆ రిపోర్టు పట్టుకుని అన్నం, చింతపండు కూడా మానేసి నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఉన్నారు. డబ్బు దండగ.

గ్లూటెన్ సంగతి వేరు. గోధుమలో గ్లూటెన్‌తో పాటు ఫ్రక్టాన్ కూడా ఉంది. 2018లో నార్వేవాళ్ళు సీలియాక్ లేకుండానే గ్లూటెన్ మానేసిన 59 మందికి ఏది ఏదో చెప్పకుండా గ్లూటెన్ కలిపిన బార్లు, ఫ్రక్టాన్ కలిపిన బార్లు, రెండూ లేనివీ మార్చి మార్చి పెట్టారు. ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఫ్రక్టానే. మీకు హాయిగా ఉండటం అబద్ధమని నేను అనను, కారణం మీరు అనుకున్నది కాకపోవచ్చు. అయినా సీలియాక్ పరీక్ష చేయించుకోవలసింది. ఇప్పుడు చేయించుకోవాలంటే మళ్ళీ కొన్ని వారాలు గోధుమ తిన్నాకే చేయాలి, మానేసి ఉంటే ఫలితం తప్పుగా వస్తుంది. ఒకవేళ సీలియాక్ అయితే ఇంగువ డబ్బా కూడా చూసుకోవాలి, చాలా బ్రాండ్లలో మైదా కలుపుతారు.

ఇక అసలు ప్రశ్నకి. తమ్ముడూ, నీ చేతిలో ఉన్న కాగితం మూడు దశల్లో మొదటిది మాత్రమే. మిగతా రెండూ నీకు ఎవరూ చెప్పినట్టు లేదు. చాలామందికి చెప్పరు, నా కోపం అక్కడే. మానేయడం రెండు నుంచి ఆరు వారాలు. ఆ తర్వాత మానేసినవాటిలో ఒక్కొక్క గుంపునీ (ఒకే రకం చక్కెర ఉన్నవాటిని) తిరిగి పెట్టి చూడాలి. మూడోది, పడేవన్నీ కంచంలోకి తెచ్చుకోవడం. మొదటి దశలోనే ఏళ్ళ తరబడి ఉండిపోతే పీచు తగ్గుతుంది, పేగుల్లో ఉండాల్సిన బిఫిడో బాక్టీరియా తగ్గుతుంది, పెళ్ళికో పేరంటానికో వెళ్ళాలంటే భయం పట్టుకుంటుంది. ఆరు వారాల్లో ఏ మార్పూ లేకపోతే ఇది నీ జబ్బుకి మందు కాదని మానేయాలి. అది కూడా ఫలితమే.

తిరిగి పెట్టడం మన వంటింట్లో ఎలాగంటే, మిగతా భోజనం మొదటి దశలోలాగే ఉంచి మూడు రోజులు ఒకే పదార్థం, రోజురోజుకీ కొంచెం పెంచుతూ, ఆ తర్వాత రెండు మూడు రోజులు విరామం. లాక్టోజ్ (పాలలో ఉండే చక్కెర) కోసం ఉత్త పాలు, సేమ్యా పాయసం కాదు (అందులో గోధుమ ఉంది, జీడిపప్పు కూడా ఉంది, దేని వల్లో తేలదు). ఫ్రక్టాన్‌కి వెల్లుల్లి ఒకసారి, ఉల్లి విడిగా ఇంకోసారి. వెల్లుల్లి పడనివాళ్ళకి గోధుమ పడవచ్చు, కాబట్టి చపాతీ కూడా విడిగా. పప్పులకి ముద్దపప్పు. మానిటాల్ అనే ఇంకో చక్కెర రకానికి కాలీఫ్లవర్. ఫ్రక్టోజ్‌కి (పండ్ల చక్కెర) మామిడిపండు. ఈ పరీక్షలు జరిగినన్నాళ్ళూ కారం ఒకే మోతాదులో ఉండాలి, సర్వపిండిగారి మాట అక్కడ అక్షరాలా నిజం. ఆవకాయ మార్చి, పాలు మార్చి, అదే రోజు ఆఫీసులో గొడవపడి వచ్చి "పాలు పడలేదు" అంటే నేనేం చెప్పను?

పాత_చింతకాయ
అంతా బాగుందమ్మా. మజ్జిగ ఎందుకు తీసేశారో చెప్పు మరి. పాలలో వంద మిల్లీలీటర్లకి లాక్టోజ్ ఐదు గ్రాముల లోపు. తోడుకున్నాక ఇంకొంచెం తగ్గుతుంది. ఒక వంతు పెరుగుకి మూడు వంతుల నీళ్ళు పోసి చిలికితే పెద్ద గ్లాసుడు మజ్జిగలో ఉండేది రెండు గ్రాముల చిల్లర. లాక్టోజ్ అరగనివాళ్ళు కూడా చాలామంది ఒక్కసారిగా పన్నెండు గ్రాముల దాకా తట్టుకుంటారు. గడ్డపెరుగుకీ పలచటి మజ్జిగకీ ఒకే గీత గీసిన కాగితాన్ని నేనెందుకు నమ్మాలి?

వేపపూత_డైటీషియన్
లెక్క సరిగ్గానే ఉందండీ. నేనైతే పలచటి మజ్జిగ తీసేయను. మోతాదు రాయకుండా పేర్లు మాత్రం రాసిన కాగితాలతో వచ్చే తంటా ఇదే.

ప్రయోగశాల
నేను మాత్రం మొదటి రెండు వారాలూ తీసేయమంటాను. ఏదో ఒకటి మినహాయిస్తూ పోతే చివరికి పరీక్ష మిగలదు.

పాత_చింతకాయ
రెండు వారాలు మజ్జిగ లేకుండా భోజనం ముగించడం నువ్వు చేసి చూపించు, అప్పుడు మాట్లాడదాం.

గోదారి_గట్టు
మధ్యలో వస్తున్నా. నాకు 54 ఏళ్ళు. ఈ మధ్యే మొదలైంది, రాత్రి నిద్రలో లేచి వెళ్ళాల్సి వస్తోంది, బరువు కూడా తగ్గాను. నేనూ ఈ లిస్టు మొదలుపెట్టనా?

వేపపూత_డైటీషియన్
వద్దండీ, ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి, ఈ వారంలోనే. ఈ వయసులో కొత్తగా మొదలవడం, నిద్రలోంచి లేపే విరేచనాలు, బరువు తగ్గడం, రక్తం పడటం, రక్తహీనత, వీటిలో ఏది ఉన్నా ముందు పరీక్షలు, తర్వాతే తిండి సంగతి.

కందిపొడి_నెయ్యి
అందరికీ థాంక్స్. నా వరకు తేలిందేంటంటే ముందు అమ్మ పథ్యమే, కాకపోతే చారులోంచి వెల్లుల్లి, కందికట్టు తీసేసి. మజ్జిగ పలచగా ఉంచుకుంటాను, ప్రయోగశాలగారు క్షమించాలి. నాలుగు వారాల్లో తేడా లేకపోతే అప్పుడు పూర్తి లిస్టు. కానీ వెల్లుల్లి లేకుండా చారు అంటే అమ్మ ఒప్పుకోవడం కష్టం. దారి ఉందా?

ప్రయోగశాల
ఉంది. ఫ్రక్టాన్ నీళ్ళలో కరుగుతుంది, నూనెలో కరగదు. తిరగమోత నూనెలో వెల్లుల్లి రెబ్బలు వేసి, వేగనిచ్చి, మొత్తం ఏరి తీసేసి, ఆ తర్వాతే ఆ నూనె చారులో పోయమనండి. వాసన వస్తుంది. ఎప్పటికప్పుడు చేసుకోవాలి, సీసాలో పోసి బయట నిలవ ఉంచడం ప్రమాదం. ఉల్లి రుచి కావాలంటే ఉల్లికాడల్లో ఆకుపచ్చ భాగం మటుకు వాడుకోవచ్చు.

పాత_చింతకాయ
మిరియాలు, జీలకర్ర దంచి వేస్తే చారుకి కట్టెందుకు? మరీ కావాలంటే గుప్పెడు పెసరపప్పు. మా అత్తగారు పథ్యానికి కందిపప్పు ముట్టనిచ్చేవారే కాదు.

కందిపొడి_నెయ్యి
ఒక్కటే బెంగ. బంగినపల్లి ఇప్పుడే దిగింది. ఫ్రక్టోజ్ పరీక్ష ముందుకి జరుపుకోవచ్చా?

వేపపూత_డైటీషియన్
కుదరదు తమ్ముడూ. నీ నాలుగు వారాలూ అయ్యేసరికి రసాలు ఇంకా ఉంటాయిలే.