నాన్నగారు పోయాక అమ్మ మౌనం, అన్నయ్య పట్టుదల: మా కుటుంబానికి దారి చెప్పగలరా?

ప్రశ్న: గోదావరి గట్టు

మా నాన్నగారు గత కార్తీక మాసంలో గుండెపోటుతో హఠాత్తుగా కాలం చేశారు. అమ్మ రాజమహేంద్రవరంలోని సొంత ఇంట్లోనే ఉంటోంది. నేను హైదరాబాదులోనూ, అన్నయ్య అమెరికాలోని డాలస్‌లోనూ, చెల్లెలు కాకినాడలోనూ ఉంటున్నాం. టికెట్టు సమయానికి దొరకక అన్నయ్యకు కడచూపు దక్కలేదు. తలకొరివి నేనే పెట్టాను. పెద్దకర్మ నాటికి వచ్చిన అన్నయ్య, ఆ మర్నాడే ఇల్లు అమ్మేసి, అమ్మ మా ముగ్గురి దగ్గరా వంతులవారీగా ఉండేలా ఏర్పాటు చేద్దామన్నాడు. నేను గట్టిగా కాదన్నాను. అప్పటి నుంచి మా మధ్య మాటలు పొడిపొడిగానే సాగుతున్నాయి.

అమ్మ ఎటూ తేల్చి చెప్పదు. నాన్నగారి ఫోనును రోజూ ఛార్జింగు పెట్టి ఆయన మంచం పక్కనే ఉంచుతుంది. నెల తిరిగేసరికి రీఛార్జి చేయించమని నాకు గుర్తుచేస్తుంది. ఇది మనోవ్యాధేనని, వెంటనే డాక్టరుకు చూపించాలని అన్నయ్య పట్టుబడుతున్నాడు. ఈ రంగంలో అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

జవాబు: కుటుంబ సలహాదారు, విశాఖపట్నం

పోయినవారి వస్తువును అలా దగ్గర పెట్టుకున్నంత మాత్రాన అది వ్యాధి అయిపోదు. పోయినవారితో బంధం తెంచుకుంటేనే మనసు కుదుటపడుతుందన్న పాత అభిప్రాయాన్ని మా రంగంలో 1990ల నుంచే చాలామంది పక్కన పెట్టారు. ఆ బంధం మరో రూపంలో కొనసాగడం సహజమేనని ఇప్పుడు భావిస్తున్నారు. మన ఇళ్లలో మాసికాలూ తద్దినాలూ ఎప్పటి నుంచో చేస్తున్న పని అదే కదా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణ పదకొండవ కూర్పులో దీర్ఘకాలిక శోకాన్ని రుగ్మతగా చేర్చిన మాట నిజమే. అయితే కనీసం ఆరు నెలలు గడిచినా తగ్గని తీవ్ర వేదన, ఆ సమాజపు ఆచారాలకు కూడా మించిపోయి, రోజువారీ జీవితాన్ని కుంటుపరిచినప్పుడే ఆ పేరు వర్తిస్తుంది. అమెరికా మనోవైద్యుల సంఘం తన రోగనిర్ధారణ గ్రంథం 2022 కూర్పులో పెద్దవారికి 12 నెలల గడువు పెట్టింది. కాబట్టి ఫోను సంగతి వదిలేసి, అమ్మగారు వేళకు తింటున్నారా, నిద్రపోతున్నారా, మాత్రలు వేసుకుంటున్నారా, ఇరుగుపొరుగుతో నాలుగు మాటలైనా మాట్లాడుతున్నారా అన్నది గమనించండి. ‘నేను కూడా ఆయన దగ్గరికే పోతాను’ అన్న ధోరణి వినిపిస్తే మాత్రం నెలలు లెక్కపెట్టకుండా ఆ రోజే మనోవైద్యుణ్ణి కలవండి. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణికి 14416 నంబరులో ఏ వేళనైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.

నిజానికి మీరు రాసినది చదువుతుంటే నాకు అమ్మగారికంటే మీ అన్నగారి గురించే ఎక్కువ బెంగ కలిగింది. తండ్రి ముఖం ఆఖరుసారి చూడలేకపోయారు. పెద్దకొడుకుగా తాను చేయవలసిన పని తమ్ముడి చేతుల మీదుగా జరిగిపోయింది. దుఃఖంలో ఉన్న మనిషి కాసేపు పోయినవారి తలపుల్లోకీ, కాసేపు ముందున్న పనులు చక్కబెట్టుకోవడంలోకీ మారుతూ ఉంటాడని స్ట్రోబ్, షుట్ అనే పరిశోధకులు 1999లో వివరించారు. ఇల్లు, వంతులు, డాక్టరు అంటూ ఆయన పడుతున్న హడావుడి మీకు ఆస్తి మీద ఆశలా కనిపించి ఉండవచ్చు. ఏదో ఒకటి చేయకపోతే ఊపిరాడని మనిషి తొందర కూడా అలాగే ఉంటుంది. ఒకసారి ఇంటి ఊసెత్తకుండా, నాన్నగారి గురించి మాట్లాడడానికే ఆయనకు ఫోను చేయండి. సంవత్సరీకం ఆయన చేతుల మీదుగా జరిపించే వీలుందేమో మీ పురోహితుణ్ణి అడగండి. అంతవరకు ఇంటి విషయం ఎవరూ కదపకపోవడం మంచిది.

జవాబు: బెజవాడ పెద్దమ్మ

సలహాదారుగారు చెప్పినవన్నీ సరైనవే, కానీ ఒక సంగతి మగపిల్లలకు తోచదు. పదో రోజున మీ అమ్మగారికి గాజులు, బొట్టు తీయించే తంతు జరిపించారా? ఆ తరువాత వీధిలో నోములకు, పేరంటాలకు ఆవిడను పిలుస్తున్నారా? మా వారు పోయిన కొత్తలో, ముప్పై ఏళ్లుగా నా చేతి పులిహోర తిన్న ఇరుగమ్మలే శ్రావణ శుక్రవారం నా గుమ్మం దాటి పక్కింటికి వెళ్లి పిలిచి వచ్చారు. నేను మాట్లాడడం మానేసింది ఆనాటి నుంచే; పిల్లలు మాత్రం వాళ్ల నాన్న మీద బెంగ అనుకున్నారు. ఈ విషయం కొడుకులు అడిగితే ఆవిడ చెప్పరు. మీ చెల్లెల్ని ఒక వారం వెళ్లి ఉండమనండి. బొట్టు పెట్టుకోవాలని ఆవిడకు ఉంటే, కూతురే పెడితే కాదనే హక్కు ఏ చుట్టానికీ లేదు.

గోదావరి గట్టు

ఇద్దరికీ కృతజ్ఞతలు. పదో రోజు తంతు జరిగింది. మేనత్తలు పట్టుబడితే మేమెవరమూ అడ్డు చెప్పలేదు. చెల్లెలు వెళ్లి నాలుగు రోజులు ఉండి వచ్చింది. ఇద్దరూ గోరుచిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చున్నప్పుడు, ‘పెద్దాడు ఒక్కడే సంతకం పెట్టి ఇల్లు అమ్మేయగలడా?’ అని అమ్మ అడిగిందట. ఇన్నాళ్లూ ఆవిడను తొలుస్తున్నది ఈ భయమని మాకెవరికీ తట్టలేదు. ఇల్లు నాన్నగారి స్వార్జితం. వీలునామా రాయలేదు.

జవాబు: సివిల్ న్యాయవాది

మీ అన్నగారు ఒక్కరే ఆ ఇంటిని అమ్మేయలేరు. మీరు చెప్పిన వివరాల ప్రకారం 1956 నాటి హిందూ వారసత్వ చట్టం వర్తిస్తుంది. మీ నాయనమ్మగారు జీవించి లేకపోతే అమ్మగారికి, మీ ముగ్గురికి తలా నాలుగో వంతు సమానంగా వస్తుంది. ఉంటే ఆవిడకూ సమాన వాటా ఉంటుంది. చెల్లెలికి పెళ్లయినా వాటా తగ్గదు. అమ్మగారి సంతకం లేకుండా ఇల్లు మొత్తాన్ని ఎవరూ అమ్మలేరు. ఈ మాట చెల్లెలి ద్వారా చేరవేయకుండా, మీ అన్నగారు కూడా వీడియో కాల్‌లో ఉన్నప్పుడు ఆయన నోటితోనే అమ్మగారికి చెప్పించండి. తహసీల్దారు కార్యాలయం నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఇంకా తీసుకోకపోతే ఈలోగా దరఖాస్తు చేసుకోండి.