మృదులాస్థి స్కాఫోల్డ్‌కు మొక్కల పాలిమర్లు: మీ అనుభవాలు చెప్పండి

కృష్ణలంక: మృదులాస్థి కణాలను స్కాఫోల్డ్‌లో (కణాలు పట్టుకుని పెరిగే గూడు వంటి ఆధారం) పెంచి, తరువాత కుందేలు మోకాలిలో అమర్చి చూడాలనుకుంటున్నాము. జెల్‌గా గట్టిపడే ఆల్జినేట్, మొక్కజొన్న పిండి నుంచి వచ్చే పాలీలాక్టిక్ ఆమ్లం, కణాలు తొలగించిన ఆకుల సెల్యులోజ్ అనే మూడింటిలో దేనితో మొదలుపెట్టాలి? ఏ గ్రేడ్ కొనాలి, స్టెరిలైజేషన్ ఎలా చేయాలి?

ఆటోక్లేవ్ బాధితుడు: పాలీలాక్టిక్ ఆమ్లాన్ని మాత్రం ఆటోక్లేవ్‌లో పెట్టకండి. సుమారు 60 డిగ్రీల దగ్గరే మెత్తబడే పదార్థం 121 డిగ్రీల ఆవిరికి ఏమి తట్టుకుంటుంది? మా జూనియర్ ఒకరు పెట్టగా రంధ్రాలన్నీ పూడిపోయి, ట్రేకు అతుక్కున్న అప్పడం చేతికొచ్చింది. గామా కిరణాలకు పాలిమర్ అణువుల గొలుసులు తెగి అణుభారం తగ్గుతుంది కనుక మేము సూక్ష్మజీవులను చంపే ఇథిలీన్ ఆక్సైడ్ వాయువుకే పంపుతాము.

జిగురుపాకం: ఇంత ఆలోచన దేనికి, ఆల్జినేట్ తీసుకోండి. పళ్లెంలో పరిస్తే మృదులాస్థి కణాలు సాగిపోయి, మృదులాస్థికి కావలసిన రెండవ రకం కొల్లాజెన్ ప్రోటీన్ మానేసి మొదటి రకం తయారుచేయడం మొదలుపెడతాయి. అవే కణాలు ఆల్జినేట్ పూసల్లో గుండ్రంగా నిలిచి తమ గుణం కాపాడుకుంటాయి. పైగా మొక్కల పదార్థం, శరీరంలో దానంతట అదే కరిగిపోతుంది.

నిక్కచ్చి: ఈ చివరి వాక్యం చదివి ఊరుకోలేకపోతున్నాను. ఆల్జినేట్ వచ్చేది గోధుమరంగు సముద్రపు నాచు నుంచి. వృక్షశాస్త్రం దానిని మొక్కల్లో చేర్చదు. అంతకంటే ముఖ్యమైనది, దానిని తుంచే ఎంజైమ్ క్షీరదాల శరీరంలో లేనే లేదు.

జిగురుపాకం: ఫాస్ఫేట్ బఫర్‌లో నా జెల్ కరిగిపోవడం నేను కళ్లారా చూశాను. పుస్తకం చదివి వచ్చి పాఠం చెప్పవద్దు.

నిక్కచ్చి: మీరు చూసింది గొలుసులను కలిపి పట్టి ఉంచే కాల్షియం జారిపోయి జెల్ విడిపోవడం. గొలుసు గొలుసుగానే ఉంటుంది, పెద్ద గొలుసులు మూత్రపిండాల వడపోతను దాటలేవు. అందుకే సోడియం పెర్‌అయొడేట్‌తో కొంతమేర ఆక్సీకరించి, నీటికే తెగే బలహీన స్థానాలను గొలుసులో కల్పిస్తారు. కరగడం వేరు, క్షయించడం వేరు.

పాతకాపు: నేను ఈ పని మొదలుపెట్టేనాటికి మీలో చాలామంది బడిలో ఉండి ఉంటారు. సెల్యులోజ్ సంగతీ ఇంతే, దానిని కోసే ఎంజైమ్ మనకు లేదు. 2014లో ఒట్టావా విశ్వవిద్యాలయంలో పెలింగ్ బృందం ఆపిల్ ముక్కల నుంచి కణాలు తీసేసి, మిగిలిన గూటిలో క్షీరద కణాలను పెంచింది. 2017లో వూస్టర్ పాలిటెక్నిక్ వారు పాలకూర ఆకు ఈనెలనే రక్తనాళాలుగా వాడి చూపారు. అంతా చప్పట్లు కొట్టారు గానీ, అమర్చిన తరువాత ఆ గూడు ఎప్పుడు పోతుందని అడిగినవారు తక్కువ.

ఈనెపుల్ల: పాలకూరను ఎత్తిపొడవడం సులభమే. ఆకు ఈనెలంత సన్నటి నాళాలను ఏ ప్రింటర్‌తో తీయగలరో ముందు చెప్పండి.

మన్యం: మన అడవుల్లో దొరికే తపసి జిగురు ఎవరికీ గుర్తు రాదేమి? గిరిజన సహకార సంస్థ కొనే సరుకే అది. నీటిలో ఉబ్బుతుందే గానీ పూర్తిగా కరగదు. క్షారంతో ఎసిటైల్ సమూహాలు తొలగిస్తే కరుగుతుంది. బెరడు ముక్కలు ఏరడంలోనే ప్రాణం పోతుంది, ఒక బస్తాకూ మరో బస్తాకూ చిక్కదనం కలవదు. అయినా పరదేశపు ఆల్జినేట్ డబ్బాకు పోసే డబ్బుతో ఎంత జిగురు వస్తుందో లెక్క వేసుకోండి.

పాతకాపు: లెక్క వేశాము. శుద్ధి ఖర్చు కలిపితే డబ్బాయే చవక.

కృష్ణలంక: గ్రేడ్ గురించి, ఆల్జినేట్ స్టెరిలైజేషన్ గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు.

నిక్కచ్చి: ఆహార పరిశ్రమకు అమ్మే ఆల్జినేట్‌లో పాలీఫినాల్‌లు, ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా నుంచి వచ్చే విషపదార్థం) మిగిలి ఉంటాయి; దానిని కుందేలులో పెట్టి వాపు వచ్చిందని పాలిమర్‌ను నిందించవద్దు. ఆటోక్లేవ్ చేస్తే గొలుసులు తెగి ద్రావణం పలచబడుతుంది. పలుచని ద్రావణాన్ని 0.22 మైక్రాన్ ఫిల్టర్ గుండా పంపి, గడ్డకట్టించి ఆరబెట్టి, కావలసినంత గాఢతలో మళ్లీ కలుపుకోండి. కాల్షియం క్లోరైడ్‌లో చుక్కలు వేస్తే పూసలే వస్తాయి. మోకాలి గుంటలో పట్టే దిమ్మ కావాలంటే కాల్షియం కార్బొనేట్‌తో, నీటిలో నెమ్మదిగా ఆమ్లంగా మారి కాల్షియంను విడిపించే గ్లూకోనోలాక్టోన్ కలిపి నెమ్మదిగా గట్టిపడనివ్వాలి.

జిగురుపాకం: ఇంత చెప్పి, చివరికి ఆల్జినేట్‌నే కదా సూచించారు.