సముద్రం కోసం బాపట్ల దాకా పోవాలా, మన కృష్ణ ఒడ్డు చాలదా?

పానగల్లు పోరడు:
సంక్రాంతికి మూడు రోజులు దొరుకుతున్నాయి, ఇంట్లో పంచాయితీ నడుస్తోంది. అమ్మకు అరవై ఎనిమిదేళ్ళు, ఇప్పటిదాకా సముద్రం చూడలేదు. సూర్యలంకలో మొదలుపెట్టి వాడరేవు, మోటుపల్లి, వీలైతే అటు దివిసీమ దాకా తీరం వెంట ఊర్లన్నీ మెల్లగా తిరగాలని నా కోరిక. మా బామ్మర్దేమో "నీళ్ళు చూడనీకి అంత దూరమెందుకు బావా, సాగర్ నీళ్ళ పక్కన వైజాగ్ కాలనీకి పోదాం, రాత్రికి ఇంట్ల పండుకోవచ్చు" అంటున్నాడు. మీరైతే ఏం చేస్తారు? "రెండూ బాగుంటాయి" అని మాత్రం రాయకండి, దండం పెడతా.

దేవరకొండ గట్టు:
మీ బామ్మర్దికే నా ఓటు. వైజాగ్ కాలనీ మా నేరేడుగొమ్ము మండలంలోనే. సాగర్ డ్యామ్ కట్టే రోజుల్లో విశాఖ వైపు నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడే ఉండిపోయారు, అందుకే ఆ పేరు. చుట్టూ గుట్టలు, మధ్యలో నీళ్ళు, బోటు, అప్పుడే పట్టిన చేపల వేపుడు. సముద్రం దగ్గర పుట్టినోళ్ళే వచ్చి మన నీళ్ళ దగ్గర స్థిరపడితే, మనం అటు పోవుడెందుకు?

కొల్లాపూర్ మామిడి:
దేవరకొండ అన్నా, డ్యామ్ వెనక నిలిచే బ్యాక్‌వాటర్‌ను తీరం అంటే ఎట్లా? మాది కొల్లాపూర్ దగ్గర. సోమశిలకు వచ్చినవాళ్ళంతా "అబ్బ, సముద్రం లెక్కుంది" అని ఫోటోలు దిగుతారు. ఆ నీళ్ళ కింద మా తాత ఇల్లుంది. 1980ల మొదట్లో శ్రీశైలం రిజర్వాయర్ నిండినప్పుడు ఈ చుట్టుపక్కల ఎన్ని ఊర్లు మునిగాయో ఇక్కడి ముసలోళ్ళను అడగండి. సోమశిల గుడి కూడా ఇప్పుడున్న చోటు పాతది కాదు, ముంపు నుంచి తెచ్చి మళ్ళీ కట్టింది. ఎండాకాలం నీళ్ళు దిగితే బురద, మొండిగోడలు బయటపడతాయి. రావద్దని అనడం లేదు, తప్పకుండా రండి. కానీ సముద్రానికి బదులు ఇది చూపించి అమ్మను మభ్యపెట్టకండి.

దేవరకొండ గట్టు:
అన్నా, మునక బాధ మాకూ తెలుసు. మా దిక్కు సాగర్ కింద పోయిన భూములు తక్కువా?

మిర్యాలగూడ అల్లుడు:
నేను బాపట్ల అల్లుణ్ణి, పన్నెండేళ్ళుగా పండక్కి అటే పోతున్నా. కొంచెం పెద్దగా రాస్తా, తిట్టుకోకండి.

ముందుగా, సూర్యలంక అంటే ఊరు కాదు, జాతర. బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్లే కాబట్టి సెలవు రోజుల్లో కార్లు ఇసుక దాకా బారులు తీరతాయి. కార్తీక పౌర్ణమి స్నానాలకైతే కాలు పెట్టే చోటుండదు. ఒక సంక్రాంతికి అక్కడ గది తీసుకుని నేనే మోసపోయా. ఫోటోలో కిటికీలోంచి సముద్రం, తీరా పోతే కిటికీలోంచి జనరేటర్. ఆ లాడ్జి పేరెందుకులెండి.

అదే పొద్దున ఆరింటికి చీరాల దగ్గర వాడరేవుకు పోండి. బోట్లు ఒడ్డుకు చేరతాయి, ఇసుక మీదే చేపలు కుప్పలు పోసి వేలం పాట పాడతారు. గంప నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్ళ ముందు మన వ్యాపారులు పనికిరారు, అంత గట్టిగా బేరం చేస్తారు. ఎండుచేపల వాసన మీ కారును వారం దాకా వదలదు, అది వేరే సంగతి.

చీరాల నుంచి ఒంగోలు దిక్కు పోతే, చినగంజాం ఉప్పు మడుల వైపున, మోటుపల్లి. చూస్తే చిన్న పల్లె, కానీ కాకతీయుల రేవు అదే. 1244లో గణపతిదేవుడు అక్కడ వేయించిన శాసనాన్ని అభయ శాసనం అంటారు. అంతకుముందు గాలివానకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని సరుకంతా రాజులే లాక్కునేవారు. ఇక మీదట ముప్పైలో ఒక వంతు సుంకం తప్ప ఏమీ ముట్టుకోం అని ఆయన సముద్ర వ్యాపారులకు మాటిచ్చాడు. కర్పూరం, గంధం, ముత్యాలు, మిరియాలు దిగిన రేవు. రుద్రమదేవి కాలంలో మార్కో పోలో వచ్చిందీ ఇక్కడికే. పానగల్లు గుళ్ళ పక్కన పెరిగినవాళ్ళు మీరు, మోటుపల్లి చూడకుండా వస్తే నేను ఊరుకోను.

నల్గొండ పిల్ల:
సంక్రాంతికి తోపులాట ఎందుకు, ఎండాకాలం సెలవుల్లో పోతే పిల్లలకూ బాగుంటుంది కదా?

మిర్యాలగూడ అల్లుడు:
వద్దక్కా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్లు కదలవు, రేవులు బోసిగా ఉంటాయి. పైగా ఆ ఉక్కపోతను మన ఎండతో పోల్చకండి, చెమట ఆరనే ఆరదు. అక్టోబరు, నవంబరు తుపాన్ల టెన్షన్. జనవరే మంచిది. కాకపోతే ఆ నెల నుంచి సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి రాత్రిపూట ఒడ్డుకొస్తాయి. చీకట్లో ఫోన్ లైట్లు వేసుకుని ఇసుకలో తిరగకండి.

చందంపేట బిడ్డ:
అందరూ ఎక్కడికి పోవాలనే అంటున్నారు, పోయి ఏం చేస్తారో ఎవరూ చెప్పరే. "ఊర్లు చూడటం" అంటే భయమేస్తుంది నాకు. మా తండాకు ఒకసారి హైదరాబాద్ నుంచి కెమెరాలేసుకుని వచ్చారు. మా నాయనమ్మ చీరలో ఉంటే, లోపలికి పోయి అద్దాల కుట్టు బట్టలు కట్టుకుని రమ్మన్నారు. కట్టుకుంది పాపం. ఫోటో ఎక్కడ వేశారో ఏమో, మళ్ళీ ఒక్కడూ రాలేదు. వల బాగుచేసుకునేటోడు తన పని తను చేసుకుంటుంటే చుట్టూ నిలబడి వీడియోలు తీయడం అంతకంటే గొప్పేం కాదు.

మిర్యాలగూడ అల్లుడు:
ఒప్పుకోనక్కా. మనుషులు లేని ఇసుక మాత్రమే చూసి రావాలంటారా? పాటలో నిలబడి రెండు కిలోలు కొంటే వాళ్ళూ మాట్లాడతారు, "ఏ ఊరు మీది" అని అడుగుతారు.

చందంపేట బిడ్డ:
కొంటే సరే. కొనకుండా నిలబడేటోళ్ళ సంగతే నేను రాసింది.

వాడపల్లి రేవు:
మూసీ వచ్చి కృష్ణలో కలిసే ఊరు మాది. అందుకే నా లెక్క వేరు. సూర్యలంక, మోటుపల్లి అన్నీ వదిలేసి హంసలదీవికి పోండి. మన కృష్ణ సముద్రంలో కలిసేది అక్కడే. గుంటూరు, తెనాలి, రేపల్లె, ఆ పైన పెనుమూడి–పులిగడ్డ వంతెన దాటితే అవనిగడ్డ, కోడూరు, హంసలదీవి. దారంతా వరి చేలే, మన ఆయకట్టు లాగానే ఉంటుంది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తి వేల ప్రాణాలు తీసుకుంది. ఆ ఊర్లలో పెద్దవాళ్ళు ఇప్పటికీ ఏ విషయమైనా "ఉప్పెనకు ముందు, ఉప్పెన తర్వాత" అనే చెబుతారు. వేణుగోపాలస్వామి గుడి చూసుకుని, అక్కడి నుంచి పాలకాయతిప్ప ఒడ్డుకు పోవచ్చు.

దేవరకొండ గట్టు:
మూడు రోజుల్లో ముసలమ్మతో ఇవన్నీనా? కారులో కూర్చోవడానికే సరిపోతుంది. నా మాట అదే, వైజాగ్ కాలనీ.

పానగల్లు పోరడు:
అందరి పోస్టులూ అమ్మకు చదివి వినిపించా. మోటుపల్లి ముచ్చటకు "ఆ రాజు మంచోడే" అంది, అంతే. వాడపల్లి అన్న రాసింది చదివేసరికి చేటలో బియ్యం పక్కన పెట్టింది. 2016 పుష్కరాలకు వాడపల్లిలోనే మునిగింది తను. "ఆ నీళ్ళు ఏడికి పోతయో చూస్త" అంటోంది. కాబట్టి హంసలదీవే, సూర్యలంక లేదు. వాడరేవు, మోటుపల్లి మళ్ళెప్పుడైనా. బామ్మర్ది కూడా వస్తున్నాడు, కానీ తిరిగొచ్చాక ఒక ఆదివారం వైజాగ్ కాలనీకి తీసుకుపోవాలని షరతు పెట్టాడు.

ఒక్కటే అనుమానం. ఆమెకు మోకాళ్ళ నొప్పి. ఇసుకలో ఎంత నడవాల్సి వస్తుంది?

వాడపల్లి రేవు:
పాలకాయతిప్ప దగ్గర సముద్రం చూడటానికి పెద్దగా నడక లేదు. నది కలిసే చోటు దాకా మాత్రం ఇసుకలో చాలా దూరం. ముందురోజే కోడూరులో అడిగి ట్రాక్టరో జీపో మాట్లాడుకోండి. అమ్మ కూర్చోవడానికి ఇంట్లోంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ డిక్కీలో వేసుకోండి.