కుడి పక్క పాలు తాగని పాప, గట్టిగా పిసికే అవ్వ: మీ అనుభవాలు చెప్పండి

అనంతపురం కొత్తమ్మ: సిజేరియన్ అయ్యి పుట్టింట్లో ఉన్నాను. పాప ఎప్పుడూ కుడి వైపుకే తల తిప్పుకుంటుంది, ఎడమ రొమ్ము బాగానే తాగుతుంది గానీ కుడి పక్క పెడితే ఏడ్చి వదిలేస్తుంది, చనుమొనలు పగిలి ఒకటే మంట. అమ్మేమో పాలు చాలడం లేదు, డబ్బా పాలు పట్టమంటుంది. నీళ్లు పోసే అవ్వ ముక్కు పిసుకుతుంది, చెవుల్లో, ముక్కులో నూనె పోస్తుంది, పాప రొమ్ములు పిండుతుంది. వద్దంటే "నీకు పోసింది నేనే, నీకేమైంది?" అంటుంది. టెన్షన్‌గా ఉంది.

కల్లూరు అక్క: ఏడ్చినంత మాత్రాన పాలు చాలట్లేదని కాదమ్మా. అయిదు రోజులు దాటాక రోజుకు ఆరుసార్లైనా ఉచ్చ పోస్తూ, మొదటి వారంలో తగ్గిన బరువు రెండు వారాలకల్లా తిరిగొస్తే చాలుతున్నట్టే. మొనలు పగిలాయంటే పట్టు కుదరలేదు. పాప నోరు ఆవులించినట్టు పెద్దగా తెరిచేదాకా ఆగి అప్పుడు దగ్గరికి తీసుకో, నువ్వు వంగద్దు. గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి తిరగాలి, నల్లటి భాగం పైపక్కే ఎక్కువ కనపడాలి. బుగ్గలు లోపలికి పోతూ టక్కుటక్కుమంటుంటే నోటి మూలలో వేలు పెట్టి విడిపించి మళ్లీ పట్టించు. లాగేయద్దు, ప్రాణం పోతుంది!

కడప ఫిజియో: కుడికే తిప్పుతోందంటే మెడ కండరం బిగుసుకుందేమో, పిల్లల డాక్టరుకు చూపించండి, కడుపులో ఇరుగ్గా ఉన్న పిల్లల్లో ఇది మామూలుగానే చూస్తాం. ఈలోపు ఎడమ పక్క తాగుతున్న పాపను తిప్పకుండా అట్లాగే కుడి రొమ్ము దగ్గరికి జరపండి, లేదంటే కాళ్లు వీపు వైపు పోయేలా కుడి చంక కింద పెట్టుకుని పట్టండి, సిజేరియన్ కుట్టు మీద బరువు కూడా పడదు. మెలకువగా ఉన్నప్పుడు ఎడమ వైపు నుంచి పలకరించండి. మెడను బలవంతంగా తిప్పే పని ఎవరికీ ఇవ్వద్దు, అవ్వకైతే అసలే వద్దు.

ప్రొద్దుటూరు జేజి: నేనూ మనవళ్లకు నీళ్లు పోసినదాన్నే. రుద్దడం మంచిదే, పిసకడం కాదు. బిడ్డ రొమ్ములు ఉబ్బేది తల్లి హార్మోన్ల వల్ల, వాటంతటవే తగ్గుతాయి, పిండితే చీము పడుతుంది. ముక్కులో నూనె వేస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సాంబ్రాణి పొగ కూడా వద్దు. పాలు తాగిన వెంటనే రుద్దకుండా, గది వెచ్చగా ఉంచి, కొబ్బరినూనె అరచేతిలో వెచ్చజేసి కాళ్ల నుంచి మొదలుపెట్టు, ముఖం తిప్పుకుంటే ఆపేయి. అవ్వకు నీళ్లు పోసే పని మాత్రం ఉంచు, డాక్టరు రుద్దొద్దన్నాడని మీ ఆయనతో చెప్పించు. అల్లుడి మాటకు ఎదురు చెప్పరులే (మన ఊర్లల్లో ఇదొక సౌకర్యం).

ఆదోని నాన్న: అల్లుడి పని అక్కడితో అయిపోదు జేజీ 😄 చొక్కా విప్పి బిడ్డను ఛాతీ మీద పడుకోబెట్టుకుంటే ఆమెకు కాస్త నిద్ర దొరుకుతుంది. కొలంబియా దేశంలోని బొగోటాలో 1978లో తక్కువ బరువు పిల్లల కోసం మొదలైన కంగారూ పద్ధతి ఇదే. మీకు నిద్ర వస్తే మాత్రం పాపను పక్కన వెల్లకిలా పడుకోబెట్టేయండి.

కల్లూరు అక్క: ఇంకొకటి, 42 రోజుల్లోపు ఆశా కార్యకర్త మీ ఇంటికి వస్తుంది, బరువు చూసి పోనివ్వకుండా పాలిచ్చేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకో. పాప మందంగా ఉండి పాలు తాగకపోయినా, ఒళ్లు కాలినా చల్లబడినా, అరికాళ్ల దాకా పసుపెక్కినా ఇక్కడ అడుగుతూ కూర్చోకుండా ఆసుపత్రికి పరిగెత్తు.

అనంతపురం కొత్తమ్మ: చంక కింద పెట్టి ఇప్పుడే చూశా, కుడి పక్క కాసేపు తాగింది! రేపు డాక్టరు దగ్గరికి పోతున్నాం. అవ్వకు చెప్పే పని మా ఆయన ఒప్పుకున్నాడు గానీ, ముందు చీర కొనిపెట్టి చెప్తానంటున్నాడు.