బాయిల్డ్ మిల్లు బూడిద ఇంటి మీద పడుతోంది. "మాకు పర్మిషన్ ఉంది" అంటున్నారు, ఏం చేయాలి?

గట్టు మీది ఇల్లు:
అందరికీ నమస్తే. మాది మిర్యాలగూడ వైపు పల్లె. ఇంటికి రెండు మడుల అవతల బాయిల్డ్ రైస్ మిల్లు ఉంది. సీజన్ మొదలైతే చాలు, పొద్దున లేచేసరికి వాకిట్లో, నీళ్ల తొట్టిలో, దండెం మీది బట్టల మీద నల్లటి నుసి. అమ్మకు ఆయాసం, ఇన్‌హేలర్ లేనిదే పడుకోలేదు. మిల్లుకు పోయి అడిగితే "అన్ని పర్మిషన్లూ ఉన్నాయి, ఎవరికి చెప్పుకుంటావో చెప్పుకో" అన్నారు. ఒక ఆఫీసులో అర్జీ ఇచ్చాను. "పరిశ్రమకు అనుమతి ఉంది" అని ఒక్క ముక్క రాసి మూసేశారు. అనుమతి ఉంటే బూడిద ఎంతైనా వదలొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

బాయిలర్ బాబాయ్:
డ్రైవింగ్ లైసెన్సు ఉందని రెడ్ లైట్ దాటనిస్తారా తమ్ముడూ? ఇదీ అంతే. 1981 వాయు చట్టం 21వ సెక్షన్ కింద పొల్యూషన్ బోర్డు సమ్మతి లేకుండా మిల్లు కట్టకూడదు, నడపకూడదు. కట్టక ముందు తీసుకునే సమ్మతి సీఎఫ్‌ఈ, మిషన్లు తిప్పే ముందు తీసుకునే సమ్మతి సీఎఫ్‌ఓ. నీకు కావాల్సింది ఆ రెండోది.

ఆ సీఎఫ్‌ఓలో అన్నీ రాసి ఉంటాయి: రోజుకు ఎన్ని టన్నుల వడ్లు ఆడించొచ్చు, బాయిలర్ ఎన్ని టన్నులది (అంటే గంటకు ఎన్ని టన్నుల ఆవిరి ఇస్తుంది), ఏ ఇంధనం, పొగగొట్టం ఎత్తు, దుమ్ము పట్టడానికి ఏ యంత్రం పెట్టాలి, గొట్టంలోంచి వచ్చే గాలిలో దుమ్ము ఎంత దాటకూడదు. మన రెండు రాష్ట్రాల ఆర్డర్లలో ఈ చివరి అంకె మామూలుగా ఘనపు మీటరుకు 115 మిల్లీగ్రాములు. కేంద్రం నిబంధనల్లో చిన్న బాయిలర్లకు చాలా వదులు, గంటకు 2 టన్నుల ఆవిరి లోపు వాటికి 1200 దాకా ఒప్పుకుంటారు. ఎవరైనా ఆ 1200 చూపించి దబాయిస్తే భయపడకు. ఆ మిల్లు సీఎఫ్‌ఓలో ఏ అంకె వేశారో దానికే వాళ్లు కట్టుబడాలి.

"కాలుష్యం విపరీతంగా ఉంది, చర్య తీసుకోగలరు" అని రాస్తే, వచ్చిన ఆఫీసరు అనుమతి కాగితం చూసి వెళ్లిపోతాడు. "సీఎఫ్‌ఓలో ఫలానా షరతు పాటించడం లేదు" అని రాస్తే ఆ షరతు గురించి రిపోర్టులో ఏదో ఒకటి రాయక తప్పదు.

ముందు ఒక పని చెయ్యి. ఆ నుసి వేళ్ల మధ్య నలిపి చూసి, ఏ వేళలో పడుతోందో కూడా చెప్పు.

గట్టు మీది ఇల్లు:
బాబాయ్, చూశాను. తెల్లవారుజామున పడేది నల్లగా, తేలిగ్గా ఉంది. దగ్గర పెట్టి చూస్తే ఊక గింజ ఆకారం అలాగే ఉంది, నలిపితే వేలికి మసి అంటుతోంది. పగలు పడేది వేరు. పసుపు రంగు, సన్నగా, ఒంటికి తగిలితే దురద. మధ్యాహ్నం గాలి లేస్తే బూడిద రంగు దుమ్ము కూడా వస్తుంది, అది మాత్రం మిల్లు వెనక పక్క నుంచి.

బాయిలర్ బాబాయ్:
బాగా చూశావు. అవి మూడు వేర్వేరు దుమ్ములు, ఫిర్యాదులో కూడా మూడుగానే రాయాలి.

నల్లటిది పొగగొట్టం నుంచి వస్తోంది. ఊక పూర్తిగా కాలితే బూడిద తెల్లగానో లేత బూడిద రంగులోనో ఉంటుంది, ఎందుకంటే అందులో ఎక్కువ భాగం సిలికా. నల్లగా, గింజ ఆకారంతో పడుతోందంటే సగం కాలిన ఊకే ఎగిరి వస్తోంది. కారణాలు రెండు మూడు ఉంటాయి. ఆవిరి చాలక పొయ్యిలోకి ఊక ఎక్కువ తోసి, ఫ్యాన్ గట్టిగా తిప్పుతూ ఉండొచ్చు. మల్టీసైక్లోన్ (పొగను సుడి తిప్పి బూడిదను కిందికి రాల్చే యంత్రం) కింద బూడిద చేరే హాపర్ నిండినా ఖాళీ చేయకపోవచ్చు. లేదా ఆ హాపర్ అడుగున ఉండే రోటరీ వాల్వ్ (గాలి దూరకుండా బూడిదను మాత్రం బయటికి వదిలే తిరిగే తలుపు) అరిగిపోయి బయటి గాలి లోపలికి పీలుస్తూ ఉండొచ్చు. ఈ వాల్వ్ సంగతి చాలామంది పట్టించుకోరు. కింద నుంచి గాలి దూరితే సైక్లోన్‌లో కిందికి దిగాల్సిన బూడిద మళ్లీ పైకి లేచి గొట్టంలోకి పోతుంది. సైక్లోన్ ఉందా అంటే ఉంటుంది, పని మాత్రం చేయదు. ఇక తెల్లవారుజామునే ఎందుకంటే, ట్యూబులకు పట్టిన మసి ఊదేది చాలాచోట్ల చూసేవాళ్లు లేని ఆ వేళలోనే.

పసుపు దుమ్ము బాయిలర్‌ది కాదు. వడ్లు దించే చోట, క్లీనర్ దగ్గర, పొట్టు తీసే చోట లేస్తుంది. దానికి షెడ్డు మూసి ఉండాలి, దుమ్ము లాగే గొట్టాలు, బ్యాగ్ ఫిల్టర్ (గుడ్డ సంచులతో దుమ్ము వడకట్టేది) లాంటివి ఉండాలి. మూడోది వెనకాల ఆరుబయట పోసిన బూడిద కుప్ప. 100 టన్నుల వడ్లు ఆడితే సుమారు 20 టన్నుల ఊక వస్తుంది. అదంతా కాలిస్తే 4 టన్నుల దాకా బూడిద. రోజూ అంత బూడిద తడపకుండా, కప్పకుండా పోస్తే గాలికి మీ ఇంటికి రాక ఎక్కడికి పోతుంది?

ఆర్టీఐ అక్క:
తమ్ముడూ, సీఎఫ్‌ఓ కాపీ గురించి నేను చెబుతాను. నల్లగొండలో కాలుష్య నియంత్రణ మండలి, అంటే బాబాయ్ చెప్పిన పొల్యూషన్ బోర్డు, ప్రాంతీయ కార్యాలయం ఉంది. అక్కడి ప్రజా సమాచార అధికారికి సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) కింద దరఖాస్తు పెట్టు. జిల్లా స్థాయి ఆఫీసు కాబట్టి ఫీజు 10 రూపాయలు, కోర్టు ఫీజు స్టాంపు అంటించినా చాలు. 30 రోజుల్లో జవాబు రావాలి.

"మిల్లు వివరాలు ఇవ్వండి" అని మాత్రం రాయకు. ఇలా అడుగు: 1) అమల్లో ఉన్న సీఎఫ్‌ఓ, మొదటి సీఎఫ్‌ఈ, షరతుల అనుబంధాలతో సహా. 2) గత 3 ఏళ్ల తనిఖీ నివేదికలు. 3) పొగగొట్టం శాంపిల్ పరీక్షల రిపోర్టులు. 4) ఇచ్చిన నోటీసులు, వాటికి మిల్లు ఇచ్చిన జవాబులు. "ఎందుకు చర్య తీసుకోలేదు" లాంటి ప్రశ్నలు పెట్టకు. ఎందుకు అన్నదానికి జవాబు ఇవ్వాల్సిన పని వాళ్లకు లేదు, మిగతావి కూడా పక్కన పడేస్తారు.

వ్యాపార రహస్యం అని తిప్పి పంపితే వాయు చట్టం 51వ సెక్షన్ చూపించు. ఎవరెవరికి సమ్మతి ఇచ్చారో, ఎంత పరిమితి పెట్టారో బోర్డు ఒక రిజిస్టరులో రాసి ఉంచాలి. ఆ ఉద్గారాల వల్ల బాధపడేవాళ్లు ఎవరైనా పని వేళల్లో పోయి దాన్ని చూడొచ్చని చట్టమే చెబుతోంది. చట్టం చూడమన్నదాన్ని రహస్యం అనడానికి వీల్లేదు కదా.

మిల్లు మేనేజర్:
ఇక్కడ ఒక మిల్లు మనిషిని కూడా మాట్లాడనివ్వండి. అందరం దొంగలం కాదు. ప్రభుత్వం వడ్లు దింపితే పెట్టిన గడువులోపు ఆడించి ఇవ్వాలి, బాయిలర్ ఆపి శుభ్రం చేసే తీరిక ఉండదు. బ్యాగ్ ఫిల్టర్ పెడితే నిప్పురవ్వ పడి సంచులు కాలిపోతున్నాయి. నాదో సందేహం: జనరేటర్ మార్చి 250 కేవీఏది పెట్టాం. దాని గొట్టం ఎంత ఎత్తు ఉండాలి? కొత్తగా ఇంకో బాయిలర్ పెడితే మళ్లీ సీఎఫ్‌ఈ తీసుకోవాలా?

బాయిలర్ బాబాయ్:
మేనేజర్ గారూ, అడిగినందుకు సంతోషం. జనరేటర్‌కు లెక్క ఉంది: కేవీఏ వర్గమూలాన్ని 0.2తో గుణించి, వచ్చినన్ని మీటర్లు బిల్డింగ్ ఎత్తుకు కలపాలి. 250కి వర్గమూలం దాదాపు 15.8, అంటే బిల్డింగ్ మీద ఇంకో 3.2 మీటర్లు. చాలామంది నేల నుంచి కొలిచి సరిపోయిందనుకుంటారు.

బాయిలర్ పెంచితే సీఎఫ్‌ఈ మళ్లీ తీసుకోవాల్సిందే. ఇంధనం మార్చినా, ఆడించే టన్నులు పెంచినా ముందే అడగాలి. బాయిలర్ల శాఖ రిజిస్ట్రేషన్ ఉంది కదా అనుకోకండి, ఆ శాఖ చూసేది బాయిలర్ పేలకుండా భద్రంగా ఉందా అని, పొగ సంగతి వాళ్లది కాదు. సంచులు కాలడానికి మందు సంచుల ముందు సైక్లోన్ పెట్టడమే, రవ్వలు అక్కడే రాలిపోతాయి. సైక్లోన్ ఖర్చు మిగిల్చుకున్నవాళ్లకే సంచుల ఖర్చు ఎక్కువవుతుంది, ఇది నేను చాలా మిల్లుల్లో చూశాను. గడువు ఒత్తిడి నిజమే, కాదనను. కానీ ఆ ఆయాసం పడే అమ్మకు మీ గడువుతో ఏం సంబంధం చెప్పండి.

గట్టు మీది ఇల్లు:
అక్కా, బాబాయ్, కాగితాలు వచ్చాయి! 4 టన్నుల బాయిలర్ ఒక్కటే అని సీఎఫ్‌ఓలో ఉంది. కానీ అక్కడ రెండు పొగగొట్టాలు కనిపిస్తున్నాయి, రెండింటిలోనూ పొగ వస్తోంది. బూడిద మూసిన షెడ్డులో పెట్టాలని షరతు ఉంది, షెడ్డే లేదు. శాంపిల్ రిపోర్టు ఒకే ఒక్కటి ఇచ్చారు, అందులో అంకె పరిమితి లోపలే ఉంది. ఇప్పుడు ఎలా రాయాలి?

బాయిలర్ బాబాయ్:
రెండో గొట్టం నీ ఫిర్యాదులో మొదటి లైను. దాన్ని కొలవక్కర్లేదు, పరీక్ష చేయక్కర్లేదు, కంటికి కనిపిస్తుంది. ఇలా రాయి:

"పై మిల్లుకు ఫలానా తేదీన ఇచ్చిన సీఎఫ్‌ఓ ప్రకారం 4 టన్నుల బాయిలర్ ఒకటే. ప్రస్తుతం రెండు పొగగొట్టాల నుంచి పొగ వస్తోంది, ఫొటోలు జతపరిచాను. రెండో బాయిలర్‌కు సమ్మతి ఉందో లేదో తనిఖీ చేసి నాకు రాతపూర్వకంగా తెలపగలరు. ఫలానా షరతు ప్రకారం బూడిదను మూసిన షెడ్డులో ఉంచాలి, ఆరుబయట పోస్తున్నారు. తెల్లవారుజామున సగం కాలిన ఊక మా ఇంటి మీద పడుతోంది, ఆ వేళలో తనిఖీ చేయగలరు. వడ్లు దించే చోట దుమ్ము అదుపు చేసే ఏర్పాటు లేదు."

శాంపిల్ రిపోర్టు గురించి: ఆ రోజు బాయిలర్ ఎంత లోడ్‌లో నడిచిందో అందులో రాశారా చూడు. సగం లోడ్‌లో తీస్తే అంకె బాగానే వస్తుంది. గొట్టానికి శాంపిల్ రంధ్రం, నిలబడడానికి ప్లాట్‌ఫాం, నిచ్చెన ఉన్నాయో లేదో దూరం నుంచైనా చూడు. ఆ రంధ్రం కింది వంపు నుంచి గొట్టం వ్యాసానికి 8 రెట్లు పైన ఉండాలన్నది నియమం. నిచ్చెనే లేని గొట్టానికి శాంపిల్ రిపోర్టు ఉందంటే అడగాల్సింది చాలా ఉంది. సిమెంటు, మందుల ఫ్యాక్టరీల లాంటి 17 రకాల పరిశ్రమలకు పెట్టినట్టు ఎప్పుడూ కొలిచే ఆన్‌లైన్ మీటరు రైస్ మిల్లుకు తప్పనిసరి కాదు, అందుకే తీసే ఆ ఒక్క శాంపిల్ మీద ఇంత పట్టుదల.

నల్లకోటు:
ఇంకో మాట. బోర్డు కదలకపోతే చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి ఉంది, మన రెండు రాష్ట్రాలూ దాని కిందికే వస్తాయి. పరిహారం అడగకుండా చర్య మాత్రమే కోరితే ఫీజు 1000 రూపాయలు. వకీలు లేకుండా సొంతంగా వాదించుకోవచ్చు. కారణం మొదలైన 6 నెలల్లోపు వేయాలి, అందుకే అర్జీ కాపీ, రసీదు, తేదీలు జాగ్రత్త. వాయు చట్టం 31ఏ సెక్షన్ కింద మిల్లు మూసేయమనే అధికారం, కరెంటు తీసేయమనే అధికారం బోర్డుకు ఉన్నాయి.

మేనేజర్ గారు కూడా వినండి. పర్యావరణ పరిహారానికి కేంద్ర బోర్డు ఒక సూత్రం పెట్టింది. ఆరెంజ్ కేటగిరీ (కాలుష్యాన్ని బట్టి బోర్డు వేసే రంగుల వర్గాల్లో ఒకటి) చిన్న పరిశ్రమ, ఊరి జనాభా 10 లక్షల లోపు అయితే: ఆ కేటగిరీ కాలుష్య సూచీ 50ని 250 రూపాయలతో, చిన్న పరిశ్రమ కాబట్టి మళ్లీ 0.5తో గుణిస్తే రోజుకు 6,250 రూపాయలు. ఉల్లంఘన ఎన్ని రోజులు సాగితే అన్ని రోజులకూ. నాలుగు నెలల సీజన్‌కు ఏడు లక్షలు దాటుతుంది. షెడ్డు దానికన్నా చవక.

గట్టు మీది ఇల్లు:
చివరిగా ఒక్కటి. ఆన్‌లైన్‌లో దొరికే చిన్న గాలి మీటరు కొంటే పనికొస్తుందా?

బాయిలర్ బాబాయ్:
సాక్ష్యంగా నిలబడదు. గాలిలోని సన్నటి దుమ్ముకు 24 గంటల సగటు, పీఎం 10 (10 మైక్రాన్ల లోపు రేణువులు)కి 100, పీఎం 2.5 (2.5 మైక్రాన్ల లోపువి)కి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములని జాతీయ ప్రమాణం, దాన్ని బోర్డు ఒప్పుకున్న పద్ధతిలోనే కొలవాలి. కానీ ఏ వేళలో అంకె పైకి లేస్తుందో ఆ మీటరు చూపిస్తుంది, తనిఖీ ఆ వేళకే రమ్మని అడగడానికి అది చాలు. ఆ డబ్బుతో ముందు నీళ్ల తొట్టికి మూత చేయించు, అమ్మ పడుకునే గది కిటికీ తెల్లవారుజామున మూసి ఉంచు. రెండో గొట్టం ఫొటో మాత్రం రేపే తియ్యి, మిల్లు పేరు రాసిన బోర్డు కూడా అందులో పడేలా, తేదీ కనిపించేలా.