అషీమ్ తర్వాతి ఇండియన్ ఓషన్‌ను ఎక్కడ మొదలుపెట్టాలి?

ఢిల్లీ బ్యాండ్ ఇండియన్ ఓషన్‌ని ఏళ్ల తరబడి వింటున్నవాళ్లెవరైనా ఉంటే కాస్త దారి చూపండి.

1990లో సుస్మిత్ సేన్, అషీమ్ చక్రవర్తి మొదలుపెట్టిన బ్యాండ్ ఇది. 2000లో వచ్చిన 'కందీసా' ఆల్బమ్ అంటే నాకు ప్రాణం. అషీమ్ తబలా వాయిస్తూనే గొంతెత్తి పాడతారు, కింద నుంచి రాహుల్ రామ్ బేస్, పక్కన సుస్మిత్ గిటారు. రాక్ అంటే హోరే అనుకునేవాళ్లకి ముందు ఇదే వినిపిస్తాను.

2009 డిసెంబరులో అషీమ్ పోయారు. మరుసటి ఏడాది '16/330 ఖజూర్ రోడ్' ఆల్బమ్ పాటల్ని ఒక్కొక్కటిగా ఇంటర్నెట్‌లో ఉచితంగా ఇచ్చేశారు. ఆ తెగువకి దండం పెట్టాలి! వాటిలో ఆయన గొంతు ఇంకా ఉంది కాబట్టి ఇష్టంగానే విన్నాను. 2013లో సుస్మిత్ కూడా తప్పుకున్నాక మాత్రం ముందుకెళ్లడానికి మనసు రాలేదు. ఇప్పుడు వినాలనుంది.

'తందాను'తో (2014) మొదలుపెట్టమంటారా, నేరుగా 2023 నాటి 'తూ హై'కి వెళ్లమంటారా? హిమాంశు జోషి, తుహీన్ చక్రవర్తి, నిఖిల్ రావు వచ్చాక పాత పాటల్ని వేదిక మీద ఎలా మలుచుకున్నారు? కచేరీలకు వెళ్లినవాళ్లు చెబితే మరీ సంతోషం. 1997 నాటి 'డెజర్ట్ రెయిన్' లాగా సూటిగా, సజీవంగా ఉండే కొత్త బృందం లైవ్ రికార్డింగ్ ఏదైనా ఉంటే పేరు చెప్పండి.