ముగో ఎందుకు నిజం చెప్పేశాడు? చదివినవాళ్లు చెప్పండి

కెన్యా రచయిత గూగీ వా థియాంగో 1967లో రాసిన 'ఎ గ్రెయిన్ ఆఫ్ వీట్' నవల నిన్న రాత్రి పూర్తి చేశాను, ఇంకా మనసు కుదుటపడలేదు. స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న కిహికాను తెల్లవాళ్లకు పట్టించింది కథానాయకుడు ముగోనే అని ఊళ్లో ఎవరూ అనుకోరు, పైగా అతన్ని వీరుడిలా చూస్తుంటారు, అనుమానమంతా తెల్లవాళ్ల దగ్గర పనిచేసిన కరంజా మీదే. అలాంటప్పుడు 1963 డిసెంబర్‌లో, కెన్యా స్వాతంత్ర్య సంబరాల్లో, అంత జనం ముందు తనంతట తనే ఎందుకు ఒప్పేసుకున్నాడు? కిహికా చెల్లెలు ముంబి వల్లేనా? పట్టించడానికి వెళ్లినప్పుడు ఆ తెల్ల అధికారి ముగో మొహాన ఉమ్మేసిన సీన్ నన్ను వదలడం లేదు. అసలు పట్టించింది భయంతోనా, అసూయతోనా? నాకైతే, తన మానాన తనను బతకనివ్వలేదన్న కోపమే అనిపించింది. బ్రిటిష్ పాలన మీద కెన్యాలో జరిగిన మౌ మౌ సాయుధ పోరాటం, దాన్ని అణచడానికి 1952లో బ్రిటిష్ వాళ్లు పెట్టిన ఎమర్జెన్సీ గురించి తెలుగులో మంచి పుస్తకాలుంటే అవీ చెప్పండి ప్లీజ్.